రెండు లాగ్ ఫైళ్ళు, ఒక క్రాష్: చిలీ, 1973

ఆఫీసులో సర్వర్ పడిపోయిందనుకోండి. మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అప్లికేషన్ వాళ్ళు నెట్‌వర్క్ వాళ్ళ మీదకి తోస్తారు, వాళ్ళేమో డేటాబేస్ వాళ్ళ మీదకి. ఎవరి లాగ్ ఫైలు వాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. చరిత్ర గురించి వాదించుకునేటప్పుడు మనం చేసేదీ అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమయ్యింది.

నేను చిలీ గురించి చదవడం మొదలుపెట్టింది రాజకీయాల మీద ఆసక్తితో కాదు, ఒక కంప్యూటర్ వల్ల. 1971లో అక్కడి ప్రభుత్వం స్టాఫర్డ్ బీర్ అనే బ్రిటిష్ నిపుణుణ్ణి పిలిపించింది. ప్రభుత్వ ఫ్యాక్టరీలన్నిటినీ టెలెక్స్ యంత్రాలతో కలిపి, రాజధాని శాంటియాగోలోని మెయిన్‌ఫ్రేమ్‌కి రోజువారీ లెక్కలు అందించాలని ప్లాను. పేరు సైబర్‌సిన్. ఏడు కుర్చీలతో ఒక కంట్రోల్ రూమ్ కూడా కట్టారు. ఈరోజు మనం డాష్‌బోర్డ్ అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు అప్పుడే ఊహించేశారన్నమాట! 1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మెకి దిగి దేశాన్ని స్తంభింపజేస్తే, సరుకు ఎక్కడుందో, ఏ దారి తెరిచి ఉందో తెలుసుకోవడానికి ప్రభుత్వానికి పనికొచ్చింది ఈ టెలెక్స్ నెట్‌వర్కే. 11 నెలలు తిరిగేసరికి ఆ ప్రభుత్వమే లేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

సాల్వడార్ అలెండి మార్క్సిస్టు. కానీ తుపాకీతో కాదు, ఓటుతో గెలిచాడు. 1970 సెప్టెంబరు 4న ముగ్గురు పోటీపడితే ఆయనకొచ్చింది 36.6 శాతం. మెజారిటీ రాకపోతే మొదటి ఇద్దరిలో ఒకర్ని కాంగ్రెస్ ఎన్నుకోవాలని అక్కడి రాజ్యాంగం. ఈలోగా సెప్టెంబరు 15న నిక్సన్ సీఐఏ డైరెక్టర్ హెల్మ్స్‌ని పిలిచి, అలెండి గద్దెనెక్కకూడదన్నాడు. ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ గగ్గోలు పెట్టాలన్న మాట హెల్మ్స్ రాసుకున్న నోట్సులో ఉంది. అక్టోబరు 22న సైన్యాధిపతి ష్నైడర్‌ని కిడ్నాప్ చేయబోయి కాల్చారు. మూడు రోజులకి ఆయన పోయాడు. ఆయన చేసిన తప్పల్లా, సైన్యం రాజ్యాంగానికి అడ్డు రాకూడదనడమే.

అమెరికాకి ఎందుకంత భయం? కారణం కిసింజర్ నవంబరులో నిక్సన్‌కి పంపిన మెమోలో ఉంది. ఎన్నికల్లో గెలిచిన మార్క్సిస్టు ప్రభుత్వం సజావుగా నడిస్తే ఇటలీ లాంటి దేశాలకి అది నమూనా అవుతుందని. ఇంకోసారి చదవండి. అంటే అక్కడ ప్రజాస్వామ్యం విఫలమవుతుందన్న దానికంటే సఫలమవుతుందన్న భయమే ఎక్కువ. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామన్న అగ్రరాజ్యం సంగతి ఇదీ!

మరి రెండో అగ్రరాజ్యం? 1968లో చెకోస్లొవేకియా కమ్యూనిస్టు పార్టీయే కాస్త స్వేచ్ఛ ఇస్తానంటే ట్యాంకులు పంపిన ఘనత దానిది. 1972 డిసెంబరులో అలెండి మాస్కో వెళ్ళి సాయమడిగితే, అవసరానికి చాలా తక్కువే దొరికింది. చైనా అయితే సైనిక తిరుగుబాటు తర్వాత కూడా పినోచెట్‌తో సంబంధాలు తెంచుకోలేదు. సిద్ధాంతాలు మనలాంటివాళ్ళం కొట్టుకోవడానికే గానీ, వాళ్ళకి పట్టింపు లేదు.

ఇక్కడితో ఆపేస్తే నా వాదన బ్రహ్మాండంగా ఉంటుంది. చాన్నాళ్ళు అలాగే ఆపేసేవాణ్ణి కూడా. ఒకసారి చిలీ నుంచి వచ్చిన సహోద్యోగితో భోజనాల దగ్గర ఇదంతా చెప్పుకొచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, "మా ఇంట్లో ఆ రోజు గురించి ఎవరం మాట్లాడం. మాట్లాడితే మా నాన్న, మా బాబాయి ఒకే బల్ల దగ్గర కూర్చోలేరు" అంది. నా నోరు మూతపడింది. నాకది వాదనలో గెలిచే పాయింటు, వాళ్ళకది ఇంట్లో మానని పుండు.

అప్పుడు రెండో లాగ్ ఫైలు తెరిచాను. 1971 జులైలో రాగి గనుల్ని జాతీయం చేసే బిల్లుకి కాంగ్రెస్‌లో ప్రతిపక్షాలు కూడా ఓటేశాయి, ఏకగ్రీవంగా. రెండేళ్ళకే అదే కాంగ్రెస్‌లో మాటల్లేవు. ధరలు ఆకాశాన్నంటాయి, దుకాణాల ముందు క్యూలు. 1973 మార్చి ఎన్నికల్లో అలెండి కూటమికి 43 శాతం పైనే వచ్చాయి. ఆయన్ని దించడానికి కావల్సిన మూడింట రెండొంతుల బలం ప్రతిపక్షానికి రాలేదు, పాలించడానికి మెజారిటీ ఆయనకీ రాలేదు. ఇద్దరూ ఒక మెట్టు దిగుంటే? దిగలేదు. ఆగస్టు 22న దిగువ సభ, ప్రభుత్వం రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తోందని తీర్మానం చేసింది. మర్నాడే అలెండి తన చేతుల్తో పినోచెట్‌ని సైన్యాధిపతిగా నియమించాడు. సెప్టెంబరు 11న యుద్ధ విమానాలు అధ్యక్ష భవనం మీద బాంబులేశాయి. అలెండి లోపలే ప్రాణాలొదిలాడు. పినోచెట్ పాలనలో 3,000 మందికి పైగా చంపబడ్డారు, లేదా మాయమైపోయారు.

1975లో అమెరికన్ సెనేట్ కమిటీ తేల్చిందేమిటంటే, అలెండి గెలుపు నుంచి తిరుగుబాటు దాకా సీఐఏ అక్కడ 80 లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది, కానీ 1973 తిరుగుబాటులో నేరుగా చెయ్యి ఉందనడానికి సాక్ష్యం దొరకలేదు. రెండు వాక్యాలూ కలిపి చదవాలి. ఒకటి వదిలేస్తే కథ సుఖంగా ఉంటుంది, నిజం మాత్రం ఉండదు.

నాకర్థమైంది ఇదీ. అగ్రరాజ్యం పగులుని వెతుక్కుంటుంది, డబ్బు పోసి దాన్ని వెడల్పు చేస్తుంది. అది నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ ఎదుటి పార్టీవాడు ఓడాల్సిన ప్రత్యర్థి కాదు, లేకుండా చెయ్యాల్సిన శత్రువు అనుకున్న రోజున పగులు ఇంట్లోవాళ్ళే పెడతారు. మన సంగతి చూడండి. 1971 డిసెంబరులో నిక్సన్ అణు విమానవాహక నౌకని బంగాళాఖాతానికి పంపితే మన ప్రజాస్వామ్యం చెక్కు చెదర్లేదు. 1975లో ఎమర్జెన్సీ పెట్టడానికి మాత్రం ఏ నౌకా రానక్కర్లేకపోయింది.

చిలీ తిరిగొచ్చిన దారి కూడా చెప్పాలి. 1988 అక్టోబరు 5న పినోచెట్ కొనసాగాలా వద్దా అని రిఫరెండం పెడితే 56 శాతం వద్దన్నారు. ఒకప్పుడు మొహాలు చూసుకోని సోషలిస్టులూ, క్రిస్టియన్ డెమోక్రాట్లూ కలిసి ఆ ప్రచారం చేశారు. 1973లో ఆ పని చేసుంటే అనిపిస్తుంది. కానీ అలా కలవడానికి వాళ్ళకి 15 ఏళ్ళు, అన్ని ప్రాణాలు పట్టాయి.

ఈసారి స్నేహితులతో రాజకీయాలు మాట్లాడుతూ గొంతు పెంచబోయేముందు నాకు ఆ బల్ల గుర్తొస్తుంది. ఒకే బల్ల దగ్గర కూర్చోలేని ఆ అన్నదమ్ములూ గుర్తొస్తారు.