గృహ బీరు తయారీ – పన్ను విధానం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ధాన్యాన్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి వాడుకోవడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పసిపిల్లలకు కాచి పట్టే రాగి మాల్ట్ ఇందుకు నిదర్శనం. బార్లీని ఇలాగే మొలకెత్తించి బీరుకు మూలపదార్థంగా వాడతారు. పాశ్చాత్య దేశాలలో ఒకప్పుడు గ్రామీణ గృహకృత్యంగా ఉన్న ఈ తయారీ క్రమంగా ఇంటికి దూరమై, నేడు చిన్న అపార్ట్‌మెంట్ల వంటగదులకు తిరిగి చేరింది. ధాన్యం ఏ దశలో ఉండగా రాజ్యం దానిపై చేయి వేసిందన్న అంశం ఈ మార్పులను ఎలా ప్రభావితం చేసిందో ఇంగ్లండు, అమెరికాల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తయారీ విధానం

మొలకెత్తే దశలో గింజలో ఎంజైములు వృద్ధి చెందుతాయి. నలగగొట్టిన మాల్ట్‌ను సుమారు 65 నుండి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచితే, అవి పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. పిప్పి తీసివేసి, ఆ తీపి రసాన్ని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే అది పులిసి బీరవుతుంది. సుమారు 19 లీటర్ల బీరుకు 4 నుండి 5 కిలోల మాల్ట్ అవసరం. అంటే మొలక, తీపి రసం, పులిసిన పానీయం అనే మూడు దశలు ఇందులో ఉన్నాయి. పన్ను ఈ మూడింటిలో దేనిపైనైనా పడవచ్చు.

ఇంగ్లండు: మొలకపై పన్ను

మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ కాచడం ప్రధానంగా స్త్రీల పని. ఇంటి అవసరాలకు పోను మిగిలినది వారు ఇరుగుపొరుగులకు అమ్మేవారు. 1300–1600 మధ్య ఈ వృత్తి వాణిజ్యంగా విస్తరించే కొద్దీ పురుషుల చేతికి వెళ్లిన తీరును చరిత్రకారిణి జుడిత్ బెనెట్ 1996లో వెలువరించిన గ్రంథంలో వివరించారు.

1697లో మాల్ట్‌పై పన్ను ప్రవేశపెట్టారు. మాల్ట్ తయారీదారు చెల్లించే ఈ పన్ను ధరలో కలిసి, మాల్ట్ కొనుక్కునే కూలీ కుటుంబంపై పడేది. విలియం కాబెట్ 1821–22లో ప్రచురించిన ‘కాటేజ్ ఎకానమీ’లో, శ్రామికుల ఇళ్లలో బీరు కాచడం తగ్గిపోయి టీ అలవాటు పెరగడానికి ఈ పన్నును ఒక ముఖ్య కారణంగా చూపాడు.

1880లో గ్లాడ్‌స్టన్ మాల్ట్ పన్నును రద్దు చేసి, పులియడానికి ముందున్న తీపి రసం గాఢతను బట్టి సుంకం విధించాడు. మొలక పన్ను నుండి బయటపడింది గాని, ఇంట్లో కాచుకునేవారికి లైసెన్సు తప్పనిసరి అయింది. అంతవరకు మాల్ట్ ధరలో కనిపించకుండా ఉన్న రాజ్యం ఇప్పుడు ఇంటి గడపకే వచ్చింది. 1963లో రెజినాల్డ్ మాడ్లింగ్ తన బడ్జెట్‌లో ఈ లైసెన్సును రద్దు చేశాడు. డేవ్ లైన్ 1974లో వెలువరించిన ‘ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్’ ధాన్యంతో కాచే విధానాన్ని సామాన్య పాఠకులకు చేరువ చేసింది.

అమెరికా: నిషేధం, మినహాయింపు

అమెరికాలో 1920లో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. బీరు కంపెనీలు మాల్ట్ పాకాన్ని వంట దినుసుగా డబ్బాల్లో అమ్మాయి. కొన్నవారిలో చాలామంది దానితో రహస్యంగా బీరు కాచుకున్నారు. ధాన్యాన్ని నానబెట్టే శ్రమ కంపెనీకి మారి, గృహస్థునికి పులియబెట్టే పని మాత్రమే మిగిలింది. 1933లో నిషేధం తొలగాక ఇంటి ద్రాక్షసారాయికి పన్ను మినహాయింపు లభించింది గాని బీరుకు లభించలేదు.

అధ్యక్షుడు కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టం ఈ లోటును తీర్చింది. సొంత వినియోగానికి, ఒకే వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేదు. అయితే రాష్ట్రాల అనుమతి వేరుగా అవసరమైంది. చివరగా అలబామా, మిసిసిపీ 2013లో అనుమతించాయి.

అపార్ట్‌మెంటు వంటగది

చట్టం అడ్డు తొలగినా స్థలాభావం మిగిలింది. సంప్రదాయ పద్ధతికి మూడు పెద్ద పాత్రలు కావాలి. ఆస్ట్రేలియా ఔత్సాహికులు ప్రచారంలోకి తెచ్చిన సంచి పద్ధతి ఈ సమస్యను తేలిక చేసింది. మాల్ట్‌ను పలుచని గుడ్డ సంచిలో పోసి, ఒకే పాత్రలో నానబెట్టి, సంచి పైకి తీసి, అదే పాత్రలో రసాన్ని మరిగిస్తారు. పరిమాణం సగానికి తగ్గిస్తే మామూలు గ్యాస్ పొయ్యి సరిపోతుంది.

ముగింపు

ఇంగ్లండులో పన్ను మొలక నుండి తీపి రసానికి మారి, చివరకు గృహాన్ని విడిచిపెట్టింది. అమెరికాలో నిషేధం ధాన్యాన్ని పాకంగా మార్చగా, మినహాయింపు ఆ ధాన్యం తిరిగి రావడానికి దారి తెరిచింది. భారతదేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. తెలుగు నేలపై 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం మద్యం తయారీకి లైసెన్సు తప్పనిసరి చేసింది. అందువల్ల అమెరికాలోని తెలుగు గృహస్థునికి సొంత వాడకానికి చట్టబద్ధమైన పని, ఇక్కడి గృహస్థునికి నేరమవుతుంది. గింజ మొలకెత్తే తీరు ఎక్కడైనా ఒక్కటే. ఇంటికీ రాజ్యానికీ మధ్య గీత ఎక్కడ పడాలన్నది మాత్రం ప్రతి సమాజం తనకు తాను తేల్చుకోవలసిన ప్రశ్న.