జనగణమన పాడని పిల్లలు

కేరళలోని కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు. రోజూ పొద్దున్నే బెల్లు కొట్టగానే పది, తొమ్మిది, అయిదు తరగతులు చదివే ముగ్గురు తోబుట్టువులు అందరితోపాటే వరుసలో నిలబడేవారు. జనగణమన మొదలైతే కదలకుండా, వినయంగా నిల్చునేవారు. పెదవి మాత్రం కదిపేవారు కాదు. వాళ్లది యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. తమ దేవుడికి చేసే ప్రార్థన తప్ప మరే క్రతువులోనూ పాలుపంచుకోకూడదన్నది వాళ్ల నమ్మకం. అదే బళ్లో చదివిన అక్కలూ పాడలేదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు.

1985 జులైలో సంగతి ఒక శాసనసభ్యుడి కంటబడి అసెంబ్లీకెక్కింది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ కమిషన్ తేల్చింది. అయినా అదే నెల 26న వాళ్లను బడిలోంచి పంపేశారు.

తండ్రి కోర్టుకెళ్లాడు. జాతీయగీతంలో ఏ మతాన్నైనా నొప్పించే మాట ఒక్కటైనా ఉందా అని కేరళ హైకోర్టు వెతికింది. లేదని తేల్చి కేసు కొట్టేసింది. అసలు పిల్లల అభ్యంతరం పాటలోని మాటల మీద కాదు, పాడటం మీద!

అమెరికాలో ఈ తగువు అంతకుముందే నడిచింది. జెండాకు వందనం చేయని యెహోవాసాక్షుల పిల్లలను బడి నుంచి తీసేయడం సబబేనని 1940లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మూడేళ్లకే, రెండో ప్రపంచయుద్ధం సాగుతుండగానే, ఆ తీర్పును తనే తిరగరాసింది. జెండాకు వందనం చేస్తూ చెప్పే ఆ దేశపు ప్రతిజ్ఞలోకి దేవుడి ప్రస్తావన 1954లో వచ్చి చేరింది. మన బళ్లలో చెప్పే, పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన ప్రతిజ్ఞలో దేవుడి ఊసే లేదు. ఏ మతం పిల్లలైనా తడుముకోకుండా చెప్పగలిగేలా రాయడం చిన్న పనేం కాదు.

కొట్టాయం పిల్లల కేసు చివరికి సుప్రీంకోర్టులో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ముందుకొచ్చింది. 1986 ఆగస్టు 11న ఆయన రాసిన తీర్పు హైకోర్టు తర్కాన్ని తోసిపుచ్చింది. పిల్లల నమ్మకం మనకు వింతగా తోచినా సరే, అది నిజాయతీగా ఉన్నదైతే రాజ్యాంగంలోని 25వ అధికరణం దాన్ని కాపాడుతుందని చెప్పింది. గౌరవంగా నిలబడి పాడకుండా ఉంటే 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం కాదంది. విద్యాశాఖ చూపించిన సర్క్యులర్లకు చట్టబలం లేదని తేల్చింది. పిల్లలను మళ్లీ బళ్లో చేర్చుకుని, చదువుకు ఆటంకం లేకుండా చూడాలని ఆదేశించింది.