వీధి ఎవరి పట్టా?

ఢిల్లీలోని లజ్‌పత్ నగర్ దేశ విభజనలో సర్వం కోల్పోయి వచ్చిన శరణార్థుల కోసం వెలసిన కాలనీ. దాని వీధులు కార్లను ఊహించి వేసినవి కావు. కాలక్రమంలో ఇళ్లు అంతస్తులుగా పెరిగాయి, కార్లూ పెరిగాయి. వీధి మాత్రం వెడల్పు కాలేదు.

పార్కింగ్ రుసుము అది ఆక్రమించే నేల విలువను ప్రతిబింబించాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. 2019లో సుప్రీంకోర్టు కాలిబాటలు పాదచారులవేనని స్పష్టం చేసింది. అదే ఏడాది ఢిల్లీ ప్రభుత్వం ప్రాంతాలవారీ పార్కింగ్ ప్రణాళికలకు నిబంధనలు ప్రకటించింది. తొలి ప్రయోగాలకు ఎంచుకున్న చోట్లలో లజ్‌పత్ నగర్ ఒకటి.

నివాసికిచ్చే పర్మిట్ వాహనాలకు హద్దు కావాలి గానీ, వీధికి పట్టా కారాదు. నామమాత్రపు రుసుముకే దక్కితే, ఉమ్మడి నేలను కారున్నవారికి రాసిచ్చినట్లే. కారు లేని అద్దెదారుకూ ఆ వీధిలో వాటా ఉంది.