టెలిఫోన్ సేవలు: రాగి తీగ నుంచి ఇంటర్నెట్ కాల్ దాకా

భారతదేశంలో టెలిఫోన్ సేవ 1882 జనవరి 28న మొదలైంది. ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టిన ఎక్స్ఛేంజీలు ఆ రోజున ప్రారంభమయ్యాయి. కలకత్తాలో తొలి చందాదారులు 93 మంది. ఎవరికి ఫోన్ చేయాలన్నా ఎక్స్ఛేంజిలో ఆపరేటరు చేత్తో లైను కలపాల్సిందే. ఆపరేటరు అవసరం లేని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి తొలిసారి సిమ్లాకు వచ్చింది, 1913-14లో. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న ఫోన్లు 80 వేల పైచిలుకు మాత్రమే.

పొరుగూరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, అది కలిసేదాకా ఫోను పక్కనే కాచుకుని కూర్చోవాలి. తొందరపని అయితే అర్జంట్ కాల్, అంతకన్నా తొందరైతే లైట్నింగ్ కాల్. తొందర పెరిగిన కొద్దీ ఛార్జీ రెట్లు పెరిగేది. 1960లో లక్నో, కాన్పూర్ మధ్య ఎస్టీడీ మొదలయ్యాక పరాయి ఊరి నంబరును నేరుగా తిప్పే వీలు ఏర్పడింది. ఆ సౌకర్యం చిన్న పట్టణాలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఇంటికి ఫోన్ కావాలని దరఖాస్తు పెట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 1991 నాటికి కూడా దేశంలో ఉన్నవి సుమారు 50 లక్షల ఫోన్లే.

పల్లెకు ఫోన్ రావడంలో అసలు మలుపు 1984లో టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా ఆధ్వర్యాన ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. అప్పటి విదేశీ డిజిటల్ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది తప్పనిసరి. కరెంటే నిలకడగా లేని ఊళ్లో ఏసీ ఎక్కడి నుంచి వస్తుంది? సీ-డాట్ ఇంజనీర్లు మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని, ఏసీ లేకుండానే పనిచేసే 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేశారు. అది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పని ప్రారంభించింది. మన టెలికాం చరిత్రలో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఆ తర్వాతే ఊరూరా పసుపు రంగు ఎస్టీడీ, పీసీవో బోర్డులు వెలిశాయి. ఇంట్లో ఫోన్ లేనివారికి కూడా ఫోన్ అందుబాటులోకి తెచ్చింది ఈ బూత్‌లే. వికలాంగులతో సహా ఎందరికో ఇవి జీవనాధారమయ్యాయి. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ ఛార్జీ నాలుగో వంతుకు పడిపోయేది కనుక, హైదరాబాదులో చదువుకునే పిల్లలూ సైన్యంలో ఉన్నవారూ ఆ వేళకే బూత్ ముందు వరుస కట్టేవారు. మాటలన్నీ మీటరు మీది ఎర్ర అంకెలను చూసుకుంటూ సాగేవి. దూరాన్ని బట్టి ధర కట్టడమే ల్యాండ్‌లైన్ కాలపు ప్రధాన లక్షణం. 2000 ప్రాంతంలో అమెరికాకు ఒక్క నిమిషం మాట్లాడితే సుమారు 60 రూపాయలయ్యేది. అక్కడి తెలుగువాళ్లు ప్రీపెయిడ్ కాలింగ్ కార్డులు కొనుక్కుని ఇంటికి ఫోన్ చేసేవారు.

మొబైల్ సేవ 1995 జులై 31న కలకత్తాలో మొదలైంది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో తొలి కాల్ మాట్లాడారు. తొలినాళ్లలో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మొబైల్ సామాన్యుడి చేతికి వచ్చింది.

ఇంటర్నెట్ కాల్ దారి వేరు. పాత పద్ధతిలో మాట్లాడినంతసేపూ రెండు ఫోన్ల మధ్య ఒక దారిని ఆ ఇద్దరికే కేటాయించి ఉంచుతారు, మౌనంగా ఉన్నా అది వేరెవరికీ పనికిరాదు. ఇంటర్నెట్‌లో గొంతును అంకెలుగా మార్చి, సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి ప్యాకెట్లలో పంపుతారు. ఈమెయిళ్లు, వీడియోలు పోయే దారినే అవీ పోతాయి. అందుకే దూరానికి విడిగా ధర లేదు. ఆలస్యమైన ప్యాకెట్‌ను వదిలేయక తప్పదు, మాట మధ్యలో తెగిపోయేది అందుకే. ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌లో ఇలాంటి ప్రయోగాలు 1970లలోనే జరిగినా, మార్కెట్లోకి వచ్చిన తొలి సాఫ్ట్‌వేర్ 1995లో ఇజ్రాయెల్ సంస్థ వోకల్‌టెక్ తెచ్చిన ఇంటర్నెట్ ఫోన్. 2003లో వచ్చిన స్కైప్ దీన్ని ప్రపంచమంతటికీ అలవాటు చేసింది. ఆ స్కైప్ 2025 మేలో మూతపడింది.

భారత ప్రభుత్వం 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి ఇచ్చింది, అదీ పరిమితంగా. కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోన్‌కు మాట్లాడవచ్చు, దేశంలోని ఫోన్ నంబరుకు మాత్రం కుదరదు. ఆ గీత చెరిగింది 2018లో. ఈలోగా వాట్సాప్ 2015లో వాయిస్ కాల్, 2016లో వీడియో కాల్ తెచ్చింది. 2016 సెప్టెంబరులో మొదలైన మొబైల్ నెట్‌వర్క్ జియో, మామూలు ఫోన్ కాల్‌ను సైతం 4జీ డేటా దారిలోనే పంపింది. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుల కుటుంబాలకు వీడియో కాల్ గొప్ప ఊరట కావలసింది. కానీ యూఏఈలో వాట్సాప్ కాల్స్‌ను నిరోధించడంతో, అనుమతి ఉన్న యాప్‌లకు డబ్బు కట్టాల్సి వచ్చింది. రోజుకూలీ మీద ఆ భారం వేయడం అన్యాయమే.

దేశంలో దాదాపు 5 కోట్లకు చేరిన ల్యాండ్‌లైన్లు 2020 నాటికి 2 కోట్లకు తగ్గాయి. ఇప్పుడు కొత్తగా ఇచ్చే కనెక్షన్లలో చాలావరకు ఫైబర్ మీద నడిచేవే, అంటే వాటి మీది కాల్స్ కూడా ప్యాకెట్లుగానే పోతాయి. పాత ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి రాగి తీగ గుండానే వచ్చేది కనుక, ఇంట్లో దీపాలు ఆరినా ఫోన్ మోగేది. ఫైబర్ ఫోన్‌కు ఆ వెసులుబాటు లేదు, మోడెమ్‌కు విడిగా కరెంటు ఉండాలి. తుపాను తీరంలో ఉండేవారు మోడెమ్‌కు బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవడం మంచిది. అలాగే, ఆపదలో అత్యవసర నంబరు 112కు వాట్సాప్ నుంచి కాల్ వెళ్లదు. ఆ కాల్ మామూలు ఫోన్ నంబరు నుంచే చేయాలి.