చరిత్ర వ్రాసిన వాగ్గేయకారుడు

1961లో సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన తెలుగు గ్రంథం ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. గ్రంథకర్త బాలాంత్రపు రజనీకాంతరావుగారికి అప్పటికి 41 ఏండ్లు. ఆ తొలి సంవత్సరాలలో తెలుగు బహుమానం కావ్యాలకన్న శాస్త్ర, చరిత్ర గ్రంథాల వైపే మొగ్గినది. 1955లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు, 1960లో పోణంగి శ్రీరామ అప్పారావుగారి ‘నాట్యశాస్త్రము’నకు లభించినది. కనుక రజనిగారి ఎన్నికలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా ఒక్కటే. ఏ విద్యను గురించి ఆయన చరిత్ర వ్రాసినారో ఆ విద్యలో ఆయన స్వయంగా సిద్ధహస్తులు. పాట వ్రాసి, దానికి తామే స్వరం కూర్చి, పాడవలసివస్తే తామే పాడగలవారు. బహుమానం వాగ్గేయకారుల చరిత్రకు వచ్చినది గాని వాగ్గేయకారునికి రాలేదు. ఈ భేదాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో పాటలోని మాటకు మాతువని, స్వరరచనకు ధాతువని పేర్లు పెట్టి, ఆ రెండింటినీ కూర్చగలవానిని వాగ్గేయకారుడన్నాడు. పరుల ధాతువునకు మాటలు పొదిగేవానికి కుట్టికారుడని వేరే పేరు. ముందు బాణీ, తరువాత మాట అనే నేటి చలనచిత్ర పద్ధతికి ఏడు వందల ఏండ్ల క్రిందటనే ఒక తరగతి ఏర్పడి ఉన్నదన్నమాట. ఈ బిరుదు మన గేయకవులలో కొందరికి రుచించకపోవచ్చు! అన్నమాచార్యుడు మొదలు త్యాగరాజు వరకు మన పెద్దలందరిదీ రెండు విద్యలూ ఒకే చేతిలో ఇమిడిన మార్గం. గ్రామఫోను, టాకీ, రేడియో వచ్చిన తరువాత కవి ఒకడు, స్వరకర్త మరొకడు, గాయకుడు మూడవవాడు అయినారు. ఆ విభజన జరుగుతున్న చోటనే, ఆ యంత్రాల నడుమనే కూర్చుండి పాత మార్గాన్ని విడువనివారు రజనిగారు.

ఆయన 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించినారు. తండ్రి వేంకటరావుగారు ‘ఏకాంతసేవ’ కర్తలైన వేంకట పార్వతీశ్వర కవులలో ఒకరు. తండ్రిది ఇద్దరు కలిసి ఒక కవి అయిన కథ. కుమారునిది ఒక్కరే కవి, స్వరకర్త, గాయకుడు అయి, పైగా ఒకటికి మించిన పేర్లతో తిరిగిన కథ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఎం.ఏ. చదివి, 1941లో మదరాసు ఆకాశవాణిలో చేరినారు.

ఆనాటి రేడియో ఎట్టిదో ఈనాటివారికి కొంచెం చెప్పవలె. టేపు లేదు. గాయకులు, వాద్యకారులు స్టూడియోలో కూర్చుండి పాడుతుండగానే పాట ఊళ్లకు చేరేది. ముగిసినంతనే ఆ పాట లేదు. మరునాటికి మరొకటి కావలె. కచేరీకి ఉన్న విస్తృతి లేదు, సినిమాకు ఉన్న దృశ్యం లేదు. కొద్ది నిమిషాలలో ఒక భావం విప్పి, ముగించవలె. ఈ ఇరుకులోనే లలిత సంగీతమనే ప్రక్రియ తెలుగున రూపు దిద్దుకున్నది. దానికి రూపమిచ్చినవారిలో రజనిగారు ముఖ్యులు. రాగాన్ని చూపుటకు పాట వ్రాసేవారు కారు ఆయన. మాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో స్వరమూ అక్కడ ఆగుతుంది. ఇది తేలికగా కనిపించే పని. చేయబూనినవారికి తెలుస్తుంది.

1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో భానుమతిగారు పాడిన పావురం పాట ఇందుకు మంచి నిదర్శనం. ఒక హాలీవుడ్ చిత్రంలోని స్పానిష్ ఛాయ దానికి ప్రేరణ అని చెబుతారు. కావచ్చు. పరదేశపు గాలి వీచినా ఆ పాటలో తెలుగు పలుకు ఎక్కడా నలగలేదు. గురువు లఘువయి, లఘువు గురువయి బాధపెట్టే దుస్థితి అందులో లేదు. రెండు పనులూ ఒకరే చేయడంలోని ప్రయోజనం ఇదే. అయితే ప్రభుత్వోద్యోగి గనుక చలనచిత్రాలకు ఆయన వేరే పేర్ల చాటున పనిచేయవలసి వచ్చినది. దాని ఫలితంగా ఏ పాటలో ఎంత ఆయనది అనే విచారణ నేటికీ తెగలేదు. తాళపత్రాలలో ముద్రలు చూచి కర్తృత్వం తేల్చే పరిశోధకులు, మన కళ్లముందటి శతాబ్దంలోని పాటలకు కర్తలను తేల్చలేకపోవడం విచిత్రం.

1947 ఆగస్టు 15న టంగుటూరి సూర్యకుమారిగారి కంఠాన మదరాసు కేంద్రం నుండి వినిపించిన ‘మాది స్వతంత్ర దేశం’ రజనిగారిదే. నాడు విన్నవారిలో ఎందరికి కర్త పేరు తెలుసునో! రేడియో కీర్తి అటువంటిది. ఇంటింటా పాట ఉంటుంది, ఇంటిపేరు ఉండదు.

ఇటువంటి మనిషి 1958లో ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ ప్రకటించినారు. పండితులు వ్రాసిన చరిత్రలకు, పాడేవాడు వ్రాసిన చరిత్రకు తేడా ఉన్నది. రజనిగారికి క్షేత్రయ్య పదం శృంగార వాఙ్మయంలో ఒక ఉదాహరణ కాదు, కంఠంలో నడవవలసిన వస్తువు. తరువాత అకాడెమీ కోసం ఆంగ్లంలో క్షేత్రయ్య మీద, రామదాసు మీద వ్రాసిన చిన్న గ్రంథాలలోనూ ఈ దృష్టి కలదు. అన్నమాచార్యుల విషయమే చూడండి. 32,000 సంకీర్తనలు చెప్పినారని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దొరికినవి సుమారు 14,000. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉన్నది, స్వరం లేదు. నేడు మనం వినే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన తరువాతివారు కూర్చినవి. మాతువు మిగిలి ధాతువు పోవడమనే ఈ నష్టం ఎంతటిదో పగలల్లా స్టూడియోలో పాటలు కట్టి గాలిలోనికి వదలేవానికి వేరే చెప్పవలెనా?

ఇక నిష్ఠురమైన మాట ఒకటి. ‘శతపత్రసుందరి’ గేయాలను కేవలం చదివితే కొన్ని పలుచగా తోస్తాయి. భావకవిత్వపు వెన్నెల, విరహం, వేణువు తప్ప కొత్త పలుకు తక్కువ. నా ముప్పయ్యవ ఏట ఈ మాటే అని, పుస్తకం ప్రక్కన పెట్టినాను. చిన్ననాడు మా ఇంట తెల్లవారగానే బెజవాడ కేంద్రం భక్తిరంజనితోనే పొయ్యి రాజుకునేది. 1970ల నాటి ఆ కేంద్రానికి సంచాలకులుగా ఉన్నవారు, ఈ పుస్తకం వ్రాసినవారు ఒక్కరే అన్న సంగతి కూడా నాకు అప్పుడు తట్టలేదు. చాలా ఏండ్లకు ఆ గేయాలలో ఒకటి పాడగా విన్నాను. కాగితం మీద బలహీనమని నేను గీత గీసిన పాదమే పాటకు ఆయువుపట్టు. అక్కడ మాట కావాలని తగ్గి స్వరానికి దారి ఇచ్చినది. గేయాన్ని పద్యంలాగ చదివి తీర్పు చెప్పే అలవాటు మన విమర్శకులకు ఇంకా పోలేదు. నాకూ పూర్తిగా పోలేదు.

1978లో ఆయన ఉద్యోగ విరమణ చేసినారు. 2018 ఏప్రిల్ 22న, 98 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు. సూర్యకుమారిగారు 2005లోనే గతించినారు. ఆయన ఎదుట కూర్చుండి బాణీ నేర్చి పాడినవారు తరిగిపోతున్నారు. స్వరలిపితో ఆ పాటలను అచ్చువేయడం కావ్యాలకు పరిష్కృత ప్రతులు సిద్ధపరచడం వంటిదే. ఆ పని సంగీతజ్ఞులదని సాహిత్యపరులు, సాహిత్యపరులదని సంగీతజ్ఞులు అనుకుంటున్నారు.

కొన్నేళ్ల క్రిందట ఒక భారతీయ గేయ సంకలనానికి రజనిగారి పాట ఒకటి అనువదించి పంపినాను. అనువాదంలో ధాతువు ఎటూ రాదు గదా, జాడకైనా ఉండనీ అని పాట పైన రాగం పేరు వ్రాసినాను. అచ్చులో అది లేదు. అడిగితే పుటలో చోటు చాలలేదన్నారు. రాగిరేకు చెక్కినవారికి ఆ పాటి చోటు దొరికినది.