ధమని

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల చుట్టూ మన తెలుగు నేతవాళ్లు తరాలుగా ఉంటున్నారు. అక్కడ ఎవరికైనా ఆయాసం ముదిరి ఐసీయూలో చేరితే ఇంట్లోవాళ్ల చెవిన పడే మాట ‘ఏబీజీ’ (ఆర్టీరియల్ బ్లడ్ గ్యాస్) పరీక్ష. దీనికి రక్తాన్ని మామూలు రక్తపరీక్షలా సిర నుంచి కాదు, మణికట్టు దగ్గర కొట్టుకునే ధమని నుంచి తీస్తారు. నొప్పి ఎక్కువే.

ధమనికి మూలం సంస్కృత ధాతువు ‘ధ్మా’, అంటే ఊదడం. భగవద్గీతలో శంఖాలు ఊదారని చెప్పే క్రియ కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. గుజరాతీలో కొలిమితిత్తి ‘ధమణ్’. 2020లో రాజ్‌కోట్‌లో తయారైన వెంటిలేటర్‌కు ‘ధమణ్-1’ అని పేరు పెట్టారు. గ్రీకులూ ధమనుల్లో గాలి ఉంటుందనుకున్నారు. కాదు, రక్తమేనని వైద్యుడు గాలెన్ రెండో శతాబ్దంలో తేల్చాడు.

అయినా ఈ పరీక్ష వెతికేది ఆ రక్తంలోని గాలినే! పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బొనేట్ 22–26 ఉండాలి. చీటీలో వరసగా 7.27, 58, 26 ఉన్నాయనుకోండి. ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరిగాయి, బైకార్బొనేట్ దాదాపు మామూలే. అంటే ఊపిరితిత్తులు గాలిని బయటికి ఊదలేకపోతున్నాయి. మూత్రపిండాలు సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఇది కొత్తగా వచ్చిన ఇబ్బందే అయ్యుంటుంది.