ఈసారి ముందు గగన్ మహల్

పెనుకొండ పోవడమంటే మా ఇళ్లల్లో తెలిసిన దారి ఒక్కటే. రైలు దిగడం, బాబయ్య దర్గాకు పోవడం, ఫాతెహా ఇప్పించి, చక్కెర పొట్లం కట్టుకుని మళ్లీ రైలెక్కడం. అదే ఊళ్లో గగన్ మహల్ ఉంది. ఎన్ని తరాలుగా పోతున్నామో, ఏనాడూ ఆ గడప తొక్కలేదు. ఎవరూ అడ్డుపడలేదు. అది రాజులది, మనది కాదనుకున్నాం. అనుకునేట్టు చేశారు కూడా.

1565లో రక్కసి తంగడి యుద్ధం జరిగింది. రామరాయలు చనిపోయాక తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నాడు. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసులో అందరూ తమవైపే చూశారని మా పిల్లలు ఇంటికొచ్చి చెప్పారు. "విజయనగరాన్ని మనమే పడగొట్టినామా?" అని అడిగారు. దూది ఏకి బతికినోళ్లం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట రానోళ్లం. ఏ సుల్తాను కొలువులో మాకు పీట వేశారని? అయినా ఆ పూట జవాబు నోటికి రాలేదు.

అందుకే ఈసారి ఉరుసు దాకా ఆగదలుచుకోలేదు. పిల్లల్ని తీసుకుని ముందు మహల్‌కే పోతాం. ఆ కమాన్ల కింద నిలబెట్టి చూపిస్తాం. మసీదుల్లో చూసే కమాను ఇదే. పైకి చూస్తే గుడి శిఖరంలాంటి కట్టడం. ఒకే భవనంలో రెండూ ఇమిడిపోయాయి. కట్టించినవాళ్లకు లేని ఇబ్బంది ఇప్పుడు మనకెందుకొచ్చింది?

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. బుక్కరాయలు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నాడు. సురత్రాణ అంటే సుల్తానే. రెండవ దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో విజయనగరంలో ధర్మశాల కట్టించి, పుణ్యం రాయలకు దక్కాలని కన్నడంలో శాసనం వేయించాడు. ఇక 1565లో రామరాయల మీదికి వచ్చినవాళ్లలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. అంతకుముందు ఏడేళ్లు అదే రామరాయల ఆశ్రయంలో తలదాచుకున్నాడు. మన తెలుగు కవులు మల్కిభరామ అని పిలుచుకున్నది ఇతన్నే. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని అంకితమిచ్చిందీ ఇతనికే. రామరాయల సైన్యంలోనూ ముస్లిములు ఉన్నారు. రాజ్యం కోసం కొట్టుకున్నారు, దానికి మతం పేరు తరువాత తగిలించారు. పదో తరగతి పిల్లలకు ఈ మాట అర్థం కాదా? అవుతుంది. చెప్పేవాళ్లే లేరు.

పొద్దున రైలుకే పోవాలి. మధ్యాహ్నమైతే ఆ కొండరాళ్ల సెగకు నిలవలేం. నీళ్ల క్యాన్లు ఇంటి నుంచే మోసుకుపోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ ఇది. గురువు ఇచ్చిన పళ్లపుల్లను బాబా ఫక్రుద్దీన్ ఇక్కడ నాటితే చిగురు వేసిందని, అందుకే ఇక్కడే ఉండిపోయాడని పెద్దోళ్లు చెప్తారు. మహల్ చూసుకుని నడిచేటప్పుడు ఆ కథ చెప్పుకుంటాం. ఫాతెహా ఆ తరువాతే. చక్కెర పొట్లం మాత్రం మరిచేది లేదు.